చల్ల అద్దె - వెచ్చ అద్దె

ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఖజానా కచేరీలో పద్దులు చూసి, ఇప్పుడు పించను పుచ్చుకుంటున్న వాణ్ణి. లెక్కలో పైసా తేడా వస్తే ఆ రాత్రి అన్నం సహించని రకం. అటువంటి నేను నా జన్మలో వేసిన అంచనాలన్నిటిలోకీ అధ్వాన్నమైనది ఏదయ్యా అంటే, 2023లో మా అమ్మాయి సంసారానికి వేసిన అంచనాయే. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. మా తెనాలిలోనే కాదు, ఏ ఊరు చూసినా ఎవరి అబ్బాయో, ఎవరి అల్లుడో సకుటుంబంగా విదేశానికి పెట్టె సర్దుతూనే ఉన్నాడు. నా పొరపాటు వాళ్ళలో ఒక్కరికి పనికివచ్చినా అదే పదివేలు.

ఆ ఏడు ఫిబ్రవరిలో మా అల్లుడుగారికి జర్మనీలో, స్టుట్‌గార్ట్ నగరంలో ఉద్యోగం అయింది. కార్లకు కావలసిన సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ. జీతం నెలకు 5,000 యూరోలు. అప్పట్లో యూరో అంటే ఇంచుమించు 90 రూపాయలు. కబురు తెలిసిన గంటలో మా వీధి వీధంతా గుణకారం చేసేసింది. "నాలుగున్నర లక్షలా! నెలకే!" అని ఎదురింటి పిన్నిగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. మా ఆవిడ అప్పటికప్పుడు ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకుంది.

అల్లుడుగారు మాత్రం నెమ్మదస్తులు. హైదరాబాదు నుంచి ఫోను చేసి, "మామయ్యగారూ, లెక్కల్లో మీకున్న అనుభవం మాకు లేదు. అమ్మాయినీ, పిల్లవాణ్ణీ తీసుకుని వెడితే నెలకు ఎంతవుతుందో మీరొక అంచనా వేసి పెట్టండి" అన్నారు.

అల్లుడు అడిగితే మామగారి ఛాతీ ఎంత పొంగుతుందో మీకు చెప్పనక్కరలేదు గదా! కొత్త నోటుబుక్కు తీశాను. పసుపు రాసిన మొదటి పేజీలో ఇట్లా వ్రాశాను:

అద్దె, ప్రకటనల్లో చూసి అల్లుడుగారు చెప్పినది - 1,180
వెచ్చాలు - 350
కరెంటు - 40
ఫోను, ఇంటర్నెట్టు - 40
బస్సు, రైలు టిక్కెట్టు - 49
విజయవాడలో కొన్న ఇంటి తాలూకు బ్యాంకు వాయిదా, రూపాయల్లో 28,000 - 311
చిల్లర మల్లర - 100
వెరసి - 2,070

ఐదువేలలో ఇది తీసివేస్తే నిలవ 2,930. దాన్ని మళ్ళీ 90 పెట్టి హెచ్చవేస్తే 2,63,700 రూపాయలు. "నెలకు రెండు లక్షల అరవైవేలు వెనకేయవచ్చు, నిశ్చింతగా వెళ్ళండి" అని తీర్పు చెప్పాను. ఏప్రిల్‌లో ఆయన వెళ్ళారు. జులైలో అమ్మాయీ, నాలుగేళ్ళ మనవడూ వెళ్ళారు. హైదరాబాదులో ఒక ప్రైవేటు స్కూలులో లెక్కలు చెప్పే ఉద్యోగం అమ్మాయిది. నెలకు 27,000 జీతం. దానికి రాజీనామా ఇచ్చి వెళ్ళింది.

ఇక నా అంచనాకు పట్టిన గతి వినండి.

మొదటి దెబ్బ జీతం దగ్గరే తగిలింది. ఐదువేలు అనేది కాగితం మీది మాట. అందులో పించను నిధికి నూటికి 9.3 వంతులు, నిరుద్యోగ బీమాకు 1.3 వంతులు తీసేస్తారు. ఆరోగ్య బీమా నూటికి 14.6, ఆ పైన ఒక్కో బీమా సంస్థ వేసుకునే అదనం; ఇందులో సగం కంపెనీ భరిస్తుంది, సగం మనది. ముసలితనంలో సేవ చేయించుకోవడానికి మరొక బీమా. వీటన్నిటి మీద ఆదాయపు పన్ను. మొదటి నెలల్లో అల్లుడుగారు ఒంటరిగా ఉన్నారు గనుక ఒంటరివాళ్ళ తరగతిలో పన్ను పట్టుకుంటే చేతికి వచ్చినది 3,090 యూరోలు. భార్య వచ్చి, ఊరి కచేరీలో పేరు నమోదై, ఆమెకు సంపాదన లేదని చూపి మూడో తరగతికి మార్చమని దరఖాస్తు పెట్టుకున్నాక 3,470 వచ్చింది. తరగతి దానంతటదే మారదు, అడగాలి. ఇంత పట్టుకుంటారా అని నేను అంగలార్చాను గాని, ఒక్క న్యాయం ఉంది. సంపాదన లేని భార్యా బిడ్డలు ఆ ఆరోగ్య బీమాలోనే, పైసా అదనం లేకుండా, చేరిపోతారు. పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరు దగ్గర పర్సు తీయనక్కరలేదు.

రెండో దెబ్బ ఇల్లు. అక్కడ అద్దెకు రెండు పేర్లున్నాయి. ఒకటి "కాల్ట్‌మీటె", అంటే చల్ల అద్దె. రెండోది "వార్మ్‌మీటె", అంటే వెచ్చ అద్దె. చల్ల అద్దె ఉత్త గోడలకి. ఇల్లు వెచ్చబెట్టే హీటరు, నీళ్ళు, చెత్త బండి, మెట్ల మీద దీపం, కట్టడపు బీమా ఇవన్నీ కలిపి నెలనెలా కొంత బయానాగా కట్టించుకుంటారు. అది కలిస్తే వెచ్చ అద్దె. నేను వ్రాసిన 1,180 చల్లది. వెచ్చబడేసరికి 1,440 అయింది. ఈ వెచ్చదనంలో ఇంకొక కిటుకు ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను, ఎంచేతనంటే నా కథంతా అక్కడే ఉంది.

"మూడు గదుల ఇల్లు" అంటే మూడు పడక గదులనుకుని మా ఆవిడ సంబరపడింది. అక్కడి లెక్కలో హాలు కూడా గదే. అంటే రెండు పడక గదులూ, ఒక హాలూ. వంటిల్లు, స్నానాల గది లెక్కలోకి రావు. వంటిల్లు లెక్కలోకి రాకపోవడమే కాదు, చాలా ఇళ్ళల్లో అసలు ఉండదు! గది ఉంటుంది; గోడలోంచి నీటి గొట్టం ముక్కూ, కరెంటు తీగ ముక్కూ బయటికి తొంగి చూస్తూ ఉంటాయి. పొయ్యి, గట్టు, తొట్టి, అలమరలు అద్దెకున్నవాడే పెట్టించుకోవాలి, వెళ్ళేటప్పుడు ఊడదీసుకుపోవాలి. లేదా ముందున్నవాడివి కొనుక్కోవాలి. మావాళ్ళు ముందున్నవాళ్ళకు 2,400 ఇచ్చి ఆ వంటిల్లు కొన్నారు.

ఇక పూచీ సొమ్ము. మూడు నెలల చల్ల అద్దెకు మించి అడగకూడదని అక్కడి చట్టం. ఆ మూడింటినీ మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెకున్నవాడికి చట్టమే ఇచ్చింది. ఆ సంగతి మావాళ్ళకు తెలియదు. 3,540 యూరోలు ఒక్కసారే కట్టేశారు. మంచాలు, పరుపులు, బట్టలుతికే యంత్రం, ఒక భోజనాల బల్ల కలిపి 1,600. మొదటి నెల అద్దె 1,440. మొత్తం 8,980 యూరోలు, ఒక్క నెలలో! అల్లుడుగారి చేతిలో ఉన్నది రెండువేలు. మిగతా ఏడువేలకు ఇక్కడి బ్యాంకులో అప్పు చేశారు. నెలకు 335 యూరోల చొప్పున రెండేళ్ళు తీర్చాలి. నా నోటుబుక్కులో "మొదటి నెల" అనే పేజీయే లేదు.

మూడో రకం దెబ్బలు చీమకాట్లు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఊరి కచేరీలో పేర్లు నమోదు చేయించుకోవాలి. చేయించుకున్న కొన్నాళ్ళకి ఒక ఉత్తరం వచ్చింది: రేడియో, టెలివిజను ప్రసారాల రుసుము నెలకు 18.36 యూరోలు. "మా ఇంట్లో టీవీ లేదు, రేడియో లేదు" అంటే కుదరదు. పెట్టె మీద కాదు, ఇంటి మీద వేసే రుసుము అది. పిల్లవాడి కిండర్‌గార్టెన్‌కు భోజనంతో కలిపి 230. నేను బడి ఉచితమనుకుని సున్న చుట్టాను. బడి ఉచితమే, కాని అది ఆరేళ్ళు నిండాక చేరే బడి. దానికి ముందుదానికి రుసుము ఉందా, ఎంత అనేది ఊరినిబట్టి. బెర్లిన్‌లో 2018 నుంచి భోజనం డబ్బు తప్ప రుసుము లేదు, స్టుట్‌గార్ట్‌లో ఉంది. కాబట్టి "జర్మనీలో ఎంత?" అనే ప్రశ్నే తప్పు. తెనాలి ఖర్చూ హైదరాబాదు ఖర్చూ ఒకటవుతాయా? ఏ దేశమని కాదు, ఏ ఊరు, ఏ పేట అని అడగాలి.

ఖర్చులే కాదు, నేను ఎరగని జమ కూడా ఒకటుంది. పిల్లలున్న వాళ్ళకు ప్రభుత్వం నెలనెలా పిల్లల భత్యం ఇస్తుంది. 2023లో బిడ్డకు 250 యూరోలు, 2025లో 255. ఇదీ అడిగితేనే. ఆలస్యంగా అడిగితే వెనకటి ఆరు నెలలకు మించి ఇవ్వరు.

పూర్తయిన మొదటి సంవత్సరం సగటు చూసి అమ్మాయి పంపిన అసలు లెక్క ఇదీ: వెచ్చ అద్దె 1,440, వెచ్చాలు 480, కరెంటు 65, ఫోను, ఇంటర్నెట్టు 60, ప్రసారాల రుసుము 18, ఇద్దరికి టిక్కెట్లు 98, పిల్లవాడి కిండర్‌గార్టెన్ 230, బీమా 15, చలి బట్టలు, జోళ్ళు 90, మందులు, క్షవరాలు, చిల్లర 130, విజయవాడ ఇంటి వాయిదా 311. వెరసి 2,937. జమ చూస్తే జీతం 3,470, పిల్లల భత్యం 250, వెరసి 3,720. నిలవ 783. ఏడాదికొకసారి ముగ్గురూ ఇంటికి వచ్చి పోవడానికి 2,700, అంటే నెలకు 225 తీసి పక్కన పెట్టాలి. అప్పు వాయిదా 335. చివరికి మిగిలేది 223 యూరోలు. నేను చెప్పినది 2,930!

కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. "కాఫీ చల్లారిపోతోంది" అంది మా ఆవిడ. కాఫీ కాదు, నేనే చల్లారిపోయాను.

2025 ఆగస్టులో ఇద్దరం వెళ్ళాం. సందర్శకుల వీసా మీద నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులకు మించి ఉండకూడదు. వీసా రుసుము మనిషికి 90 యూరోలు. నా పించను డబ్బుతోనే వెళ్ళాను లెండి. స్టుట్‌గార్ట్ చుట్టూ కొండలు, మధ్య గిన్నెలాగా పల్లం, ఆ పల్లంలో నగరం. నగరంలోనే కొండవాలుల మీద ద్రాక్షతోటలు! ఆ ప్రాంతం వాళ్ళను ష్వాబులంటారు. పొదుపుకు వాళ్ళ పెట్టింది పేరు. మిగతా జర్మన్లు వాళ్ళ పిసినారితనం మీద హాస్యాలాడుకుంటారట. నాకు మాత్రం స్వంత ఊరికి వచ్చినట్టే అనిపించింది.

మేము దిగిన రెండో వారంలో తలుపుకి ఒక చెక్క బిళ్ళ వేలాడుతోంది. "ఏమిటమ్మా ఇది, ఎవరైనా మడి కట్టుకున్నారా?" అంది మా ఆవిడ. "మన వంతు వచ్చిందమ్మా. ఈ వారం మెట్లూ, వాకిలీ మనమే ఊడ్చి తుడవాలి" అంది అమ్మాయి. కేర్‌వోఖె అంటారు, ఊడ్పు వారం. ఆ దేశంలో మనిషి చేత పని చేయించుకోవడం ఖరీదు. గనుక ఎవరి మెట్లు వారే ఊడుస్తారు, ఎవరి మంచం వారే బిగించుకుంటారు. అంచనాలో పనిమనిషి పద్దు కొట్టెయ్యండి, ఆ పద్దు ఇల్లాలి నడుము మీద వ్రాసుకోండి.

బజారుకి వెళ్ళిన మొదటి రోజు నేను ప్రతి వస్తువునీ నూరు పెట్టి హెచ్చవేశాను. అప్పటికి యూరో నూరు రూపాయలు దాటింది. కరివేపాకు పొట్లం దగ్గర నా గుండె ఆగినంత పనైంది. గుప్పెడు రెమ్మలు, రెండు యూరోలు! మా పెరట్లో చెట్టు నిండా ఉంది గదా అని కళ్ళనీళ్ళు తిరిగాయి. "నాన్నా, అట్లా హెచ్చవేస్తే ఇక్కడ ఎవరూ అన్నం తినలేరు" అంది అమ్మాయి. "జీతంలో ఎన్నో వంతు అని చూడాలి. పాలు చవక, పెరుగు చవక, బంగాళాదుంపలు చవక. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చు. బియ్యం, కందిపప్పు, చింతపండు మన కొట్టులో నెలకొకసారి తెచ్చుకుంటాం. కరివేపాకు పండక్కి." లెక్కల టీచరు గదా! నాకు పాఠం చెప్పింది. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు. శనివారం మరిచిపోయినవాడు సోమవారం దాకా పస్తే.

మనవడికి మరొక వ్యాపారం ఉంది. అక్కడ నీళ్ళ సీసా, చల్లని పానీయాల డబ్బా కొంటే ఒక్కొక్కదానికి 25 సెంట్లు పూచీ పట్టుకుంటారు. ఖాళీది తెచ్చి యంత్రంలో వేస్తే తిరిగి ఇస్తారు. వాడు ఇంట్లో ఖాళీలన్నీ పోగుచేసి, చీటీ తీసుకుని, "తాతయ్యా, ఇది జమ" అని నా చేతిలో పెట్టేవాడు. సెప్టెంబరులో వాణ్ణి బడిలో వేశారు. బడి ఉచితం. బడిసంచీ మాత్రం 240 యూరోలు! మొదటి రోజు పిల్లలందరి చేతుల్లోనూ వాళ్ళంత పొడవున్న రంగుకాగితాల గొట్టం, అందులో మిఠాయిలూ, పెన్సిళ్ళూ. ఆ గొట్టం మా అమ్మాయి ఇంట్లోనే అట్టముక్కలతో చేసింది. పక్కవాళ్ళు కొన్నదానికంటే బాగుందని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఆ అట్టముక్కల కోసం బల్ల సొరుగు తీసినప్పుడే అమ్మాయి ఖర్చుల పుస్తకం నా చేతికి తగిలింది. ఖజానావాణ్ణి, పద్దుల పుస్తకం కనబడితే చెయ్యి ఊరుకుంటుందా! తిరగేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. నెల నెలా కిందికి మొత్తాలు. 2024 డిసెంబరు పేజీ దగ్గర చూపు నిలిచిపోయింది.

"హీటరు బాకీ - 412." దాని కింద, "జనవరి, భాష తరగతి, ఏ-2 - 390." ఆ రెండో పద్దు మీద అడ్డంగా గీత. పక్కన చిన్న అక్షరాలతో "రద్దు."

సాయంత్రం బాల్కనీలో కూర్చున్నప్పుడు నెమ్మదిగా అడిగాను. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

"వెచ్చ అద్దె అని కడతాం చూడండి, అది బయానాయే గాని అసలు లెక్క కాదు నాన్నా. ఏడాది పూర్తయ్యాక మీటర్లు చూసి లెక్క కడతారు. ఆ లెక్క పంపడానికి ఇంటివాళ్ళకు ఇంకో పన్నెండు నెలలు గడువుంది. 2023 చలికాలంలో కాల్చినదానికి 2024 డిసెంబరులో చీటీ వచ్చింది. అప్పుడు మాకేం తెలుసు? పిల్లవాడికి జలుబు చేస్తుందని హీటరు పూర్తిగా తిప్పి, గాలి ఆడాలని కిటికీ వాలుగా తెరిచి ఉంచేవాళ్ళం. వేడంతా వీధికే పోయింది. కిటికీ రోజుకు నాలుగుసార్లు బార్లా తెరిచి, ఐదు నిమిషాల్లో మూసెయ్యాలట. పక్కింటి ముసలావిడ చెప్పేదాకా తెలియదు. చీటీతోపాటు నెలనెలా బయానా కూడా యాభై పెంచారు."

"తరగతి ఎందుకు మానేశావు?"

"ఆ నెల రెండూ కుదరలేదు."

"నాకు చెప్పవేమమ్మా?"

"చెబితే మీరు పించనులోంచి పంపేవారు. ఆయనకు చెబితే ఆయన మధ్యాహ్నం భోజనం మానేసేవారు. మానెయ్యడానికి నా తరగతి ఒక్కటే కనిపించింది నాన్నా. అంచనాలో అది లేదు గదా, తీసేసినా ఎవరికీ తేడా రాదనుకున్నాను."

నామీద నిష్ఠూరంగా అన్న మాట కాదది. ఉన్న సంగతి చెప్పింది. నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది.

ఆమె వీసా మీద ఉద్యోగం చేసుకోవచ్చునని స్పష్టంగా వ్రాసి ఉంది. అడ్డం వచ్చినది చట్టం కాదు, భాష. అక్కడ భాషకు ఆరు మెట్లు: ఏ-1, ఏ-2, బీ-1, బీ-2, సీ-1, సీ-2. ఊరూరా పెద్దవాళ్ళకు చదువు చెప్పే సంస్థలున్నాయి, ఫోక్స్‌హోఖ్‌షూలె అంటారు. అమ్మాయి 2024లో మొదటి మెట్టు ఎక్కింది. బళ్ళో పాఠం చెప్పాలంటే దాదాపు పై మెట్ల దాకా ఎక్కాలి. రెండో మెట్టు మీద కాలు పెట్టబోతూ ఉంటే హీటరు చీటీ కాలు పట్టుకుని లాగింది. తొమ్మిది నెలలు ఆ కాలు అట్లాగే గాలిలో ఉండిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పాత అంచనా మనసులోనే మళ్ళీ పరిచి చూసుకున్నాను. అల్లుడుగారి జీతం జమలో వేశాను. అమ్మాయి మానుకున్న 27,000 ఎక్కడ వ్రాశాను? ఎక్కడా వ్రాయలేదు. 90 చొప్పున అది 300 యూరోలు. నెలాఖరున మిగులుతున్నది 223. అంటే అక్కడ వెనకేస్తున్నామనుకునే దానికంటే ఇక్కడ ఆమె వదులుకున్నదే ఎక్కువ! కచేరీలో ఇటువంటి లెక్క ఎవడైనా పెట్టి ఉంటే నేనే ఎర్ర సిరాతో చుట్టేసి తిప్పి పంపేవాణ్ణి. స్వంత కూతురి లెక్క దగ్గర నా ఎర్ర సిరా ఎండిపోయింది.

పోనీ డబ్బు మాట అట్లా ఉంచండి. ఎనిమిదేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన పిల్ల, బడి దగ్గర మనవడి టీచరు ఏదో చెబుతూ ఉంటే, అర్థమైనట్టు తల ఊపి, ఇంటికి వచ్చి ఆ మాటలు ఫోనులో వెతుక్కుంటూ కూర్చోవడం నా కళ్ళారా చూశాను. దాని ఖరీదు ఏ పద్దు కింద వ్రాస్తారు?

తెల్లవారి నోటుబుక్కు తెప్పించుకున్నాను. అల్లుడుగారిని, అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. కొత్త అంచనాకు ఐదు పేజీలు కేటాయించాం.

మొదటి పేజీ, మొదటి నెల. పూచీ సొమ్ము, వంటిల్లు, మంచాలు, మొదటి అద్దె. ఇది నెలసరి ఖర్చులో కలపకూడదు. బయలుదేరేనాటికే చేతిలో ఉండాలి. కనీసం మూడు నెలల వెచ్చ అద్దెకు సరిపడా ఇంకొంత దగ్గరుంటే అప్పు తప్పుతుంది.

రెండో పేజీ, ప్రతి నెల. ఇది ఆ దేశపు డబ్బులోనే వ్రాయాలి, రూపాయల్లోకి మార్చకూడదు. జీతం చేతికి వచ్చేదే వ్రాయాలి, కాగితం మీది అంకె కాదు.

మూడో పేజీ, ఏడాదికోసారి వచ్చేవి. హీటరు లెక్క, కరెంటు లెక్క, ఇంటికి రాకపోకలు, చలి జోళ్ళు, బడిసంచీ. అన్నీ కలిపి పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన వెయ్యాలి. రాని చీటీకి డబ్బు దాచడమేమిటని అనుకోకూడదు. చీటీ రాలేదంటే బాకీ లేదని కాదు, ఇంకా లెక్క కట్టలేదని.

నాలుగో పేజీ, స్వదేశం. ఇంటి వాయిదా, పెద్దవాళ్ళ మందులు, పెళ్ళిళ్ళు. ఈ పేజీ ఒక్కటే రూపాయల్లో ఉంటుంది. యూరో పెరిగితే ఈ భారం తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. 28,000 వాయిదాకు 2023లో 311 యూరోలు పంపారు. యూరో నూరు రూపాయలున్ననాడు 280 సరిపోతాయి. ఇందులోనే ఆపద ముడుపు కూడా కట్టాలి. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని అర్ధరాత్రి ఫోను వస్తే, తెల్లవారి ఎక్కే విమానానికి ముందుగా కొన్న టిక్కెట్టు ధర ఉండదు. ఇది వ్రాస్తూ ఉంటే మా ఆవిడ "ఆ మాటలెందుకండీ ఇప్పుడు" అంది. కాని పద్దు పద్దే.

ఐదో పేజీ దగ్గర కలం అమ్మాయి చేతికిచ్చాను. "ఇది నీది. నువ్వే వ్రాయి" అన్నాను. ఆమె అల్లుడుగారి వంక చూసింది. ఆయన తల వంచుకుని, "నేనే ముందు చూసి ఉండవలసింది, మామయ్యగారూ" అన్నారు. బ్యాంకు అప్పు ఆగస్టుతో తీరిపోయింది. నెలకు 335 విడుదలయ్యాయి. పిల్లవాడు పెద్దబడికి వచ్చాడు గనుక కిండర్‌గార్టెన్ ఖర్చూ తగ్గింది. అమ్మాయి "భాష తరగతి" అని వ్రాసి, ఎదురుగా నెలకు 130 అని వేసింది. ఆ తరువాత కాస్త ఆగి, ఐదో పేజీని చించి, మొదటి పేజీ కంటే ముందు అంటించింది.

అక్టోబరులో ఏ-2 తరగతిలో చేరింది. వారానికి రెండు సాయంత్రాలు ఆమె వెళ్ళిపోతే అల్లుడుగారు అన్నం వండేవారు. మొదటి వారం అది జావ. రెండో వారం పలుకు. మేము తిరుగు ప్రయాణం కట్టేనాటికి అన్నమనిపించుకుంది.

మొన్న మా పక్క వీధి అబ్బాయి ఒకడు స్వీట్లు పట్టుకుని వచ్చాడు. వాడికీ జర్మనీలోనే ఉద్యోగమట, మ్యూనిక్‌లో. పెళ్ళయి రెండేళ్ళు. "బాబాయిగారూ, మీకు అక్కడి లెక్కలన్నీ తెలుసట గదా! నెలకు ఎంత మిగులుతుందంటారు?" అని అడిగాడు. అప్పటికే సెల్‌ఫోనులో గుణకారం చేసుకుని వచ్చాడని వాడి మొహమే చెబుతోంది.

కూర్చోమన్నాను. కొత్త నోటుబుక్కు తీసి, మొదటి పేజీకి పసుపు రాశాను.

"మిగిలేది చివర్న చూద్దాంలే. ముందు ఇది చెప్పు నాయనా. మీ ఆవిడ ఇక్కడ ఏం పని చేస్తోంది?"